మనల్ని ఓడించినవాడు గెలవాలి

మా బోధన్ వైపు హోలీ అంటే రంగుల కంటే ముందు కుస్తీలే. ఊరి బయట మెత్తగా దున్నిన జాగా చుట్టూ జనం కూర్చునేవాళ్ళు. డప్పులు మోగుతుండగా కొబ్బరికాయ కుస్తీతో మొదలయ్యేది. గెలిచిన పిల్లవాడికి ఒక కొబ్బరికాయ, అంతే. అక్కణ్నుంచి ఇనాం పెరుగుతూ పోయి ఆఖరి కుస్తీకి వెండి కడియం దాకా వచ్చేది. ఆ కడియాన్ని ఎక్కువసార్లు దెగ్లూరు, నాందేడ్ వైపు నుంచి వచ్చిన పహిల్వాన్లే పట్టుకుపోయేవాళ్ళు. మా పెద్దబాపు గోదా దగ్గర పెద్దమనిషిగా కూర్చునేవాడు. ఓడినవాడెవడైనా ఇంకో పట్టు పడతానని బతిమాలితే ఆయన జవాబు ఒక్కటే: "వీపుకు మన్నంటింది గదరా, ఇంటికి పో."

అందుకే ఒలింపిక్స్ కుస్తీలో రెప్‌చేజ్ అనే పద్ధతి ఉందని తెలిసినప్పుడు నాకు చాలా వింతగా అనిపించింది. నువ్వు ఓడిపోతావు. నిన్ను ఓడించినవాడు మిగతా అందరినీ కొట్టుకుంటూ ఫైనల్‌కు చేరితే, వాడి చేతిలో ఓడినవాళ్ళందరికీ మళ్ళీ పిలుపొస్తుంది. అక్కడ గెలుచుకుంటూ పోతే కాంస్యం దాకా వెళ్ళొచ్చు. వాడు మధ్యలో ఎక్కడైనా ఓడాడా, నీ కథ కూడా అక్కడితో సరి. అంటే కాసేపటి క్రితం నీ మెడ వంచిన మనిషే గెలవాలని నువ్వు దండం పెట్టుకుంటూ కూర్చోవాలి.

ఈ రూల్ నేను నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, హర్యానా పహిల్వాన్ యోగేశ్వర్ దత్ వల్ల.

2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్ టీవీ గదిలో క్రికెట్ తప్ప ఇంకోటి పెడితే గోల చేసే రోజులు. అభినవ్ బింద్రా షూటింగ్‌లో స్వర్ణం కొట్టాక మాత్రం కొన్నాళ్ళు ఏ ఆట పెట్టినా ఎవరూ ఏమనలేదు. 60 కిలోల ఫ్రీస్టైల్‌లో యోగేశ్వర్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి జపాన్‌కు చెందిన కెనిచి యుమోటో చేతిలో ఓడిపోయాడు. చివరి క్షణాల్లో చేజారిన కుస్తీ అది. యుమోటో ఫైనల్‌కు వెళ్ళి ఉంటే మనవాడికి ఇంకో ఛాన్స్ దొరికేది. కానీ అతను సెమీస్‌లో ఓడిపోయాడు. ఆ మర్నాడు, ఆగస్టు 20న, 66 కిలోల్లో సుశీల్ కుమార్ మొదటి కుస్తీలోనే ఉక్రెయిన్‌కు చెందిన ఆంద్రీ స్టాడ్నిక్ చేతిలో ఓడాడు. స్టాడ్నిక్ ఫైనల్‌కు చేరాడు. సుశీల్‌కు పిలుపొచ్చింది, వరసగా గెలిచి కాంస్యం పట్టుకొచ్చాడు. 1952 హెల్సింకీలో ఖాశాబా జాధవ్ తెచ్చిన కాంస్యం తర్వాత కుస్తీలో మనకు అదే మొదటి మెడల్. 56 ఏళ్ళు పట్టింది.

దేశమంతా సుశీల్ పేరు మోగిపోయింది. అదే అఖాడాలో, అదే గురువు సత్పాల్ దగ్గర పెరిగిన, దాదాపు అదే వయసున్న యోగేశ్వర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. పేపర్లో లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త. నాకెందుకో ఆ చిన్న వార్తే మనసులో నాటుకుపోయింది. మెయిన్ లిస్టులో పేరు రాక, పైన ఎవరైనా చేరకపోతే తన వంతు వస్తుందేమోనని రిజర్వ్ లిస్టు కోసం చూసేవాడి బతుకు అది. అప్పటికి సివిల్స్ గురించి నాకు పెద్దగా తెలియదు కాబట్టి ఈ పోలిక తర్వాత తట్టిందే.

సివిల్స్ కోచింగ్ కోసం ఢిల్లీ వెళ్ళాక ముఖర్జీ నగర్‌లో ఉన్నాను. తెలుగువాళ్ళు ఎక్కువగా రాజిందర్ నగర్ వైపు ఉంటారు. మాలాంటి కొద్దిమంది అద్దె తక్కువని ఇటు వచ్చాం. రూమ్మేట్ శ్రీకాకుళం అబ్బాయి, గణితం ఆప్షనల్, మాటకు మాట లెక్క అడిగే రకం. సుశీల్, యోగేశ్వర్ పెరిగిన అఖాడా ఉన్న మోడల్ టౌన్ ఛత్రసాల్ స్టేడియం మా గది నుంచి నడిచిపోయేంత దూరంలోనే అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నా సంబరం చూసి మా రూమ్మేట్ "నువ్వొచ్చింది చదవడానికా, కుస్తీ పట్టడానికా?" అన్నాడు.

తెల్లారకముందే ఆ రోడ్ల మీద పహిల్వాన్ పిల్లలు గుంపులుగా పరిగెత్తేవాళ్ళు. పదీ పన్నెండేళ్ళ వాళ్ళ నుంచి మీసాలొచ్చిన వాళ్ళ దాకా. నలిగిపోయి ముద్దగా మారిన చెవులు చూసి ఎవరు పహిల్వానో ఇట్టే చెప్పొచ్చు. చలికాలం పొగమంచులో మనిషి కనపడకముందే బూట్ల చప్పుడు వినిపించేది. చాలామంది హర్యానా పల్లెల వాళ్ళు. అక్కడే ఉండటం, అక్కడే తిండి, అక్కడే నిద్ర. ఇళ్ళ నుంచి నెయ్యి డబ్బాలు, బాదం వచ్చేవి. పొద్దున మట్టిలోనో మ్యాట్ మీదో సాధన, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ సాధన. ఈ దినచర్య మా కోచింగ్ పిల్లల దినచర్యలాగే ఉందనుకునేవాణ్ని, నెయ్యి ఒక్కటి తక్కువ.

మా వీధి చివర పాల డైరీ ఉండేది. ఓనరుది సోనీపత్ వైపు పల్లె. మేం ఎక్కణ్నుంచి వచ్చామో ఎన్నిసార్లు చెప్పినా మమ్మల్ని మద్రాసీలనే పిలిచేవాడు. కోపం వచ్చేది కాదు, ఎందుకంటే కుస్తీ మాట ఎత్తితే అప్పు రాసుకోవడం కూడా మర్చిపోయేవాడు. యోగేశ్వర్ గురించి నాకు తెలిసిన సగం విషయాలు ఆ పెద్దాయన దగ్గర విన్నవే. తర్వాత చదివినవాటితో సరిచూసుకుంటే చాలావరకు నిజమే చెప్పాడు.

యోగేశ్వర్ పుట్టింది 1982లో, సోనీపత్ జిల్లా భైంస్వాల్ కలాన్‌లో. తల్లిదండ్రులు టీచర్లు. బుద్ధిగా చదువుకుని ఉద్యోగం చేసుకుంటాడని వాళ్ళు అనుకున్నారు. వీడేమో ఆ ఊరి బలరాజ్ పహిల్వాన్‌ను చూసి గోదా వైపు నడిచాడు. ఆ తర్వాత ఛత్రసాల్. 22 ఏళ్ళు నిండకముందే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 55 కిలోల్లో దిగి రెండు కుస్తీలూ ఓడిపోయి వచ్చాడు. 2006లో దోహా ఏషియన్ గేమ్స్‌కు బయల్దేరే ముందు, రోజుల తేడాతో, తండ్రి పోయాడు. అయినా వెళ్ళి 60 కిలోల్లో కాంస్యం గెలిచాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా డైరీ ఆయన పాలు పోయడం ఆపి, గరిటె పక్కన పెట్టి మరీ చెప్పేవాడు.

2008లోనే బీజింగ్‌కు ముందు దక్షిణ కొరియాలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో యోగేశ్వర్ స్వర్ణం గెలిచాడు. ఆ పోటీల్లో మన దేశానికి 21 ఏళ్ళ తర్వాత వచ్చిన స్వర్ణం అది. దాన్ని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో మీరే చెప్పండి. ఆ పైన మోకాలు దెబ్బతింది, ఆపరేషన్ అయింది. ఫ్రీస్టైల్‌లో కాళ్ళు పట్టి పడగొట్టడమే ప్రాణం. గ్రీకో రోమన్ అనే ఇంకో రకం కుస్తీలో నడుము కింద పట్టుకోకూడదు, ఫ్రీస్టైల్‌లో ఆ అడ్డు లేదు. ప్రత్యర్థి కాళ్ళ మీదికి దూకేవాడికి మోకాలే పోతే ఇంకేం మిగులుతుంది? ఇక అయిపోయాడనే అనుకున్నారంతా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో తిరిగొచ్చి స్వర్ణం కొట్టాడు.

ఇక 2012.

ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్ నాకు కరెంటు కోతతో కలిసి గుర్తుంది. మన హైదరాబాదీ గగన్ నారంగ్ జులై 30న కాంస్యం కొట్టిన రోజే ఉత్తర భారతమంతా గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మళ్ళీ కూలింది. ఫ్యాన్ లేని గదిలో మెయిన్స్ చదువు. ఆగస్టు 4న సైనాకు కాంస్యం వచ్చినప్పుడు తెలుగు కుర్రాళ్ళమంతా కలిసి స్వీట్లు పంచుకున్నాం. డైరీ ఆయన ఒక పేడా నోట్లో వేసుకుని, "ఆగండి, మావాళ్ళ వంతు ఇంకా రాలేదు" అన్నాడు.

ఆగస్టు 11 శనివారం. మాకు టీవీ లేదు, డైరీలో ఉంది. యోగేశ్వర్ మొదటి కుస్తీలో బల్గేరియా వాడిని గెలిచాడు. రెండో కుస్తీ రష్యాకు చెందిన బేసిక్ కుదుఖోవ్‌తో. అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్, ఒసేతియా మనిషి. 0-1, 0-2. రెండు రౌండ్లూ పోయాయి. పెద్దగా పోరాటం కూడా అనిపించలేదు, కుదుఖోవ్ అంత తేలిగ్గా చేశాడు. మా రూమ్మేట్ లేచి, "పద, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ నోట్స్ పూర్తి చేద్దువుగానీ" అన్నాడు. డైరీ ఆయన కదల్లేదు. "ఇప్పుడు ఆ రష్యావాడు గెలవాలి" అన్నాడు.

అప్పటిదాకా కుదుఖోవ్‌ను తిట్టిన నోళ్ళే అతనికి జై కొట్టాయి. అంతమంది హర్యానా వాళ్ళు ఒక రష్యన్ కోసం బల్లలు చరచడం నేను ఇంకెక్కడా చూడలేదు. కుదుఖోవ్ ఫైనల్‌కు చేరాడు. నాలుగేళ్ళ కిందట బీజింగ్‌లో మూసుకున్న తలుపు ఇక్కడ తెరుచుకుంది.

రాత్రి యోగేశ్వర్ మళ్ళీ మ్యాట్ మీదికి వచ్చేసరికి ఒక కన్ను ఉబ్బిపోయి దాదాపు మూసుకుపోయి ఉంది. రెప్‌చేజ్‌లో మొదట పోర్టోరికోకు చెందిన ఫ్రాంక్లిన్ గోమెజ్, అంతకుముందు ఏడాది ప్రపంచ పోటీల్లో రజతం గెలిచినవాడు. రెండు రౌండ్లూ 1-0, 1-0. తర్వాత ఇరాన్‌కు చెందిన మసూద్ ఇస్మాయిల్‌పూర్. కుస్తీలో ఇరాన్ వాళ్ళతో అంటేనే టెన్షన్, అక్కడ అది జాతీయ క్రీడ లాంటిది. అదీ దాటాడు. కాస్త ఊపిరి పీల్చుకునేలోపే కాంస్యం కుస్తీ, ఉత్తర కొరియాకు చెందిన రి జోంగ్ మ్యోంగ్‌తో. ఒకదాని వెనక ఒకటి ఇన్ని కుస్తీలంటే మన గోదాల్లో కూడా ఎవరూ ఒప్పుకోరు.

అప్పటి నియమాల ప్రకారం రెండేసి నిమిషాల రౌండ్లు మూడు, రెండు గెలిచినవాడిదే కుస్తీ. మొదటి రౌండ్ 0-1తో పోయింది. రెండోది 1-0తో వచ్చింది. మూడో రౌండ్‌లో, ఆ ఒంటి కన్నుతో, యోగేశ్వర్ కొరియా వాడిని కింద పడేశాడు. పడేసి ఆగలేదు. అతని రెండు చీలమండల్నీ ఒకదాని మీద ఒకటి మడిచి, చేతులతో బిగించి, తను దొర్లుతూ అతన్నీ దొర్లించాడు. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ. ఈ పట్టునే పహిల్వాన్లు ఫితేలే అంటారు. కాళ్ళు లాక్ అయిపోయాక అవతలివాడు ఎంత బలవంతుడైనా చేయగలిగింది తక్కువ. నడుము తిప్పితే కాళ్ళు రావు, కాళ్ళు లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. ఆరు పాయింట్ల తేడా వస్తే రౌండ్ అక్కడితో ఆపేస్తారు. 6-0. రౌండ్ మొదలై నిమిషం దాటి రెండు మూడు సెకన్లే అయింది.

ఆ నిమిషాన్ని నేను తర్వాత ఎన్నోసార్లు చూశాను. ఇప్పటికీ చూస్తాను. నాకు నచ్చేది దొర్లించడం కన్నా దానికి ముందు జరిగే చిన్న పని. కొరియా వాడు కింద పడగానే ఇంకొకరైతే నడుము పట్టుకునేవాళ్ళు. యోగేశ్వర్ చేతులు నేరుగా చీలమండల మీదికి పోయాయి, వెతుక్కోలేదు. సరిగ్గా కనపడని కన్నుతో అది ఎలా కుదిరిందంటే, ఛత్రసాల్‌లో కొన్ని వేలసార్లు చేసి ఉంటాడని తప్ప నా దగ్గర ఇంకో జవాబు లేదు.

ఆ రాత్రి డైరీ ఆయన అందరికీ పాలు ఊరికే పోశాడు. మా రూమ్మేట్ పాలు తాగడు, వాడు కూడా రెండు గ్లాసులు తాగాడు. మర్నాడు సుశీల్‌కు రజతం వచ్చింది. మళ్ళీ పేపర్లలో పెద్ద ఫొటో సుశీల్‌దే. ఏం చేస్తాం, రజతం రజతమే. కాకపోతే ఆ ఏడాది ఖేల్‌రత్న యోగేశ్వర్‌కు ఇచ్చారు, షూటర్ విజయ్ కుమార్‌తో కలిపి. మరుసటి ఏడాది పద్మశ్రీ.

2013 ఫిబ్రవరిలో ఒలింపిక్స్ నుంచి కుస్తీనే తీసేయాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) బోర్డు అన్నప్పుడు ఛత్రసాల్ చుట్టుపక్కల చావు జరిగిన ఇంటి వాతావరణం. సెప్టెంబరులో మళ్ళీ చేర్చుకున్నారు. ఆ మధ్యలో రూల్స్ అన్నీ మార్చారు. మూడు రౌండ్ల పద్ధతి పోయి, మూడేసి నిమిషాల రెండు భాగాల్లో పాయింట్లన్నీ కలిపి లెక్కేయడం వచ్చింది. బరువుల విభాగాలూ మారి, ఒలింపిక్స్‌లో యోగేశ్వర్ 60 కిలోలు లేకుండా పోయింది. ముప్పై దాటిన వయసులో 65 కిలోలకు ఎక్కాల్సి వచ్చింది. 2014లో గ్లాస్గో కామన్వెల్త్‌లో స్వర్ణం, తర్వాత ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. ఏషియన్ గేమ్స్ కుస్తీలో 1986 సియోల్‌లో కర్తార్ సింగ్ తర్వాత, అంటే 28 ఏళ్ళకు, మనకొచ్చిన మొదటి స్వర్ణం. నన్నడిగితే ఆయన కెరీర్‌లో అసలైన శిఖరం ఇదే, లండన్ కాదు. లండన్‌లో తలుపు ఇంకొకడు తెరిచాడు. ఇంచియాన్‌లో ఎవరి దయా అక్కర్లేకపోయింది. అప్పటికి నేను ఢిల్లీ వదిలేసి, ఇటు గ్రూప్స్ రాసి, ఉద్యోగంలో చేరే ప్రయత్నంలో ఉన్నాను. ఆఫీసుల చుట్టూ సర్టిఫికెట్లు పట్టుకుని తిరుగుతూ ఫోన్‌లో స్కోర్ చూశాను.

రియో 2016. ఆయనకు నాలుగో ఒలింపిక్స్. ఆగస్టు 17న సాక్షి మాలిక్ ఇదే రెప్‌చేజ్ దారిలో కాంస్యం తెచ్చింది. ఆమెను ఓడించిన రష్యా అమ్మాయి ఫైనల్‌కు వెళ్ళడంతో దొరికిన అవకాశం. ఆఖరి రోజు, 21న, యోగేశ్వర్ మొదటి కుస్తీలోనే మంగోలియాకు చెందిన మందఖ్‌నరన్ చేతిలో 0-3తో ఓడాడు. ఇప్పుడు మంగోలియా వాడు ఫైనల్‌కు వెళ్ళాలి. ఈసారి బల్ల చరచడానికి పక్కన ఎవరూ లేరు, ఇంట్లో ఒక్కణ్నే. మంగోలియా వాడు వెళ్ళలేదు. బీజింగ్‌లో ఒకలా, లండన్‌లో ఒకలా, రియోలో మళ్ళీ బీజింగ్‌లా.

ఆ తర్వాతి సంగతులు నాకంత ఇష్టమైనవి కావు. పోలీసు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్ళాడు. హర్యానాలోని బరోదా నియోజకవర్గంలో 2019లో ఓడాడు, 2020 ఉప ఎన్నికలో మళ్ళీ ఓడాడు. ఆ ఛత్రసాల్ స్టేడియం పేరే 2021లో ఒక యువ పహిల్వాన్ హత్య కేసుతో వార్తల్లోకెక్కింది, ఆ కేసులో సుశీల్ అరెస్టయ్యాడు. 2023లో లైంగిక వేధింపుల ఆరోపణలతో మహిళా పహిల్వాన్లు జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నప్పుడు, తను చేయిపట్టి నేర్పిన బజరంగ్ పునియా ఒక వైపు, యోగేశ్వర్ ఇంకో వైపు. నా అభిమానం ఆ రోజుల్లో కొంచెం ముడుచుకుపోయిన మాట నిజం. చిన్నప్పటి హీరోలు పెద్దయ్యాక కూడా మనకు నచ్చినట్టే మాట్లాడాలని రూలేమీ లేదు గానీ, బాధ బాధే.

ఇంతకీ కుదుఖోవ్ సంగతి. లండన్ ఫైనల్‌లో అజర్‌బైజాన్ వాడి చేతిలో ఓడి రజతంతో వెళ్ళాడు. 2013 డిసెంబరు 29న దక్షిణ రష్యాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. 27 ఏళ్ళు. ఒలింపిక్స్‌లో తీసుకున్న శాంపిళ్ళను ఏళ్ళ తరబడి దాచి, కొత్త పరీక్షలు వచ్చినప్పుడు మళ్ళీ తీసి చూస్తారు. అలా చూసినప్పుడు కుదుఖోవ్ శాంపిల్‌లో నిషేధిత మందు దొరికిందని 2016 ఆగస్టు చివర్లో వార్త వచ్చింది. యోగేశ్వర్ రియోలో ఓడి పది రోజులు కాలేదు. కాంస్యం కాస్తా రజతం అవుతుందని టీవీలన్నీ హోరెత్తించాయి. కొన్నాళ్ళకు రజతం కూడా కాదు, ఏకంగా స్వర్ణమే అని పుకార్లు షికార్లు చేశాయి. అదంతా వట్టిదే అయింది.

ఆ హోరు మధ్యలో యోగేశ్వర్ ట్విటర్‌లో రాసిన నాలుగు మాటల సారాంశం ఇది: కుదుఖోవ్ గొప్ప పహిల్వాన్, వీలైతే ఆ మెడల్‌ను ఆయన కుటుంబం దగ్గరే ఉండనివ్వాలి, నాకు అన్నిటికన్నా మానవత్వం ముఖ్యం. చివరికి, చనిపోయిన మనిషి తన తరఫున వాదించుకోలేడు కాబట్టి, ఐఓసీ ఆ కేసును మూసేసింది. రజతం కుదుఖోవ్ పేరు మీదే ఉండిపోయింది.

మా శ్రీకాకుళం మిత్రుడు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. ఫోన్లో ఈ మాట వస్తే చాలు, ఇప్పటికీ నాతో గొడవే. "దయ వేరు, లెక్క వేరు. డోపింగ్ చేసినవాడి రజతం తర్వాతివాడికి రావాలి, అది యోగేశ్వర్ వదులుకోవడానికి ఆయన సొంత ఆస్తా? దేశానిది కదా" అంటాడు. వాడు చెప్పేదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, లెక్కల మనిషి. అయినా ఆ శనివారం రాత్రి డైరీలో కుదుఖోవ్ కోసం అందరికన్నా గట్టిగా అరిచింది ఎవరో గుర్తుందా అని అడిగితే మాత్రం మాట మార్చి, పిల్లలెలా ఉన్నారంటాడు.